విమానం ఇంజన్‌కి నీళ్ళు కొట్టడం ఎలా: మిక్స్ నుంచి స్విచ్ దాకా

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో, అంటే సిమ్‌లో, రెండో ప్రపంచ యుద్ధం నాటి పి-47 గానీ మెస్సర్‌ష్మిట్ 109 గానీ నడిపేవాళ్ళలో చాలామంది వాటర్ ఇంజెక్షన్‌ని (ఇంజన్ లోపలికి నీళ్ళు కొట్టడాన్ని) రేసింగ్ గేమ్‌లో నైట్రో బటన్ వాడినట్టు వాడేస్తారు, నొక్కి పట్టుకుంటారు, కాసేపు బానే ఉంటది, తర్వాత ఇంజన్ దడదడమని కొట్టుకుని ఆగిపోద్ది, అప్పుడు వచ్చి ఈ మాడ్యూల్‌లో (సిమ్‌లో ఆ విమానం సాఫ్ట్‌వేర్‌లో) బగ్ ఉందండి అంటారు. బగ్ కాదండి బాబూ, ట్యాంక్‌లో నీళ్ళు అయిపోయాయి, మీరు చూసుకోలేదు. ఈ గైడ్ వాళ్ళ కోసం, ఇంకా ఏఎంఈ, అంటే విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగ్, చదువుతూ ఈ చాప్టర్‌ని ఎగ్జామ్ ముందు రోజు రాత్రి బట్టీ కొట్టే తమ్ముళ్ళు చెల్లెళ్ళ కోసం. ఇందులో చెప్పేవి అసలు విమానాల సంగతులే, మంచి సిమ్ మాడ్యూల్స్ కూడా దాదాపు ఇలాగే నడుస్తాయి. నిజం విమానం ముందు నిలబడి ఉంటే మాత్రం ఇది పక్కన పెట్టి ఆ విమానం మాన్యువల్ తెరవండి, నంబర్లు ప్రతి మోడల్‌కీ మారతాయి.

ముందు ఒక డౌట్ తీర్చుకోవాలి: నీళ్ళు మండవు కదా, మరి పవర్ ఎక్కడిది?

పిస్టన్ ఇంజన్‌తో మొదలుపెడదాం. సూపర్‌చార్జర్ గాలిని నొక్కి సిలిండర్‌లోకి తోస్తది, నొక్కితే గాలి వేడెక్కుద్ది, ఆ వేడి ఒక లిమిట్ దాటితే ప్లగ్ వెలిగించిన మంట ఇంకా వస్తూ ఉండగానే మూలన మిగిలిన పెట్రోల్ గాలి మిక్స్ తనంతట తనే ఒక్కసారిగా పేలిపోద్ది. దీన్ని డిటొనేషన్ అంటారు, మన బైక్ మెకానిక్ అయితే నాకింగ్ అంటాడు. బైక్‌లో టకటక శబ్దంతో పోద్ది, 2000 హార్స్‌పవర్ ఇంజన్‌లో అయితే పిస్టన్‌కి చిల్లు పడుద్ది, సిలిండర్ హెడ్ పగులుద్ది, అదీ కొద్ది సెకన్లలోనే. అందుకే ఏ ఇంజన్‌కైనా ఇంతకు మించి బూస్ట్ (సూపర్‌చార్జర్ నొక్కి తోసే గాలి ఒత్తిడి) పెట్టకూడదు అని ఒక గీత ఉంటది. నీళ్ళు కొడితే ఆ గీత కొంచెం పైకి జరుగుద్ది, అంతే. జరిగిన జాగాలో ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోల్ మీరు పెట్టుకోవాలి, పవర్ దాన్నుంచి వస్తది. బూస్ట్ పెంచకుండా ఊరికే నీళ్ళు మాత్రమే కొడితే ఏం వస్తది? దాదాపు ఏం రాదు.

దాదాపు అని ఎందుకన్నానంటే ఇంకో చిన్న లాభం ఉంది, పుస్తకాల్లో దీన్ని ఒక లైన్‌లో దాటేస్తారు కానీ నాకు ఇదే అసలు తెలివి అనిపిస్తది. నీళ్ళు లేనప్పుడు ఫుల్ పవర్‌లో ఇంజన్‌ని చల్లగా ఉంచడానికి కావాల్సిన దానికంటే ఎక్కువ పెట్రోల్ పోస్తారు, మిక్స్‌ని బాగా రిచ్ చేస్తారు, ఆ ఎక్స్‌ట్రా పెట్రోల్ మండటానికి కాదు, కేవలం ఆవిరై చల్లబరచడానికి. అంటే పెట్రోల్‌తో నీళ్ళ పని చేయిస్తున్నారు. కేజీ పెట్రోల్ ఆవిరవ్వడానికి సుమారు 350 కిలోజౌల్స్ వేడి లాక్కుంటది, అదే కేజీ నీళ్ళు సుమారు 2400, మిథనాల్ అనే ఆల్కహాల్ సుమారు 1150. నీళ్ళు ఏడు రెట్లు బాగా చేసే పనిని పెట్రోల్‌తో చేయించడం ఎందుకు? అందుకే ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800 లాంటి ఇంజన్‌లలో నీళ్ళ ప్రెషర్ రాగానే కార్బురేటర్‌లో ఒక వాల్వ్ కదిలి మిక్స్‌లో పెట్రోల్ తగ్గించి తనే లీన్ చేసేస్తది, డిరిచ్‌మెంట్ వాల్వ్ అంటారు, రిచ్‌నెస్ తగ్గేసరికి అక్కడ కూడా కొంత పవర్ కలిసొస్తది.

లెక్క కూడా ఒకటి చూడండి. కేజీ గాలిలో 20 గ్రాముల నీళ్ళు పూర్తిగా ఆవిరైతే 48 కిలోజౌల్స్ పోతాయి, కేజీ గాలిని ఒక డిగ్రీ మార్చడానికి ఒక కిలోజౌల్ చాలు, కాబట్టి గాలి 48 డిగ్రీల దాకా చల్లబడాలి. ఇది కాగితం మీద లెక్క, ఇంజన్‌లో అంతా గాలిలోనే ఆవిరవ్వదు, కొంత సిలిండర్ గోడల మీద, కొంత మంట వచ్చాక ఆవిరవుద్ది, అయినా ఎంత తేడా ఉంటదో ఐడియా వస్తది. ఇక్కడే ఇంకోటి గుర్తు పెట్టుకోండి, ఎయిర్ కూలర్ అనంతపురంలో పనిచేసినట్టు వైజాగ్‌లో పనిచేయదు కదా, ఇంజన్ మూతి దగ్గర నీళ్ళు చల్లే సిస్టమ్స్‌కి కూడా అదే బాధ, ఉక్కపోత రోజున గాలిలో ముందే తేమ ఉంటది కాబట్టి అక్కడ ఆవిరవ్వడం తక్కువ. కంప్రెసర్ లోపలికెళ్ళి గాలి వేడెక్కాక మాత్రం మిగతాది ఆవిరవుద్ది, అందుకే పూర్తిగా వేస్ట్ కాదు.

మిక్స్ కలపడం

ఉత్త నీళ్ళు కొట్టొచ్చు, జెట్‌లలో ఎక్కువగా అదే చేశారు. పిస్టన్ ఇంజన్‌లకీ టర్బోప్రాప్‌లకీ (టర్బైన్‌తో ప్రొపెల్లర్ తిప్పేవి) ఎక్కువగా మిథనాల్ కలుపుతారు. కారణాలు రెండు మూడు ఉన్నాయి. పైన చలికి నీళ్ళు గడ్డకడతాయి, మిథనాల్ గడ్డకట్టేది మైనస్ 97 దగ్గర, కాబట్టి సగం సగం కలిపితే మామూలు ఎత్తుల్లో సమస్య ఉండదు. మిథనాల్ మండుద్ది, అంటే కొంచెం ఇంధనం కూడా అవుద్ది, నాకింగ్‌ని కూడా బాగానే తట్టుకుంటది. 

యుద్ధంలో జర్మన్లు వాడిన ఎమ్‌డబ్ల్యూ-50 అనే మిక్స్ రెసిపీ: మిథనాల్ 50 శాతం, నీళ్ళు 49.5, మిగతా అర శాతం తుప్పు పట్టకుండా వేసే నూనె. ఆ అర శాతాన్ని లైట్ తీసుకోకండి, మిథనాల్ నీళ్ళ మిక్స్ అల్యూమినియం, మెగ్నీషియం పార్టుల్ని మెల్లగా తినేస్తది, కొన్ని రకాల రబ్బరు సీళ్ళని కూడా పాడుచేస్తది.

కలిపేటప్పుడు ఎక్కువమంది తడబడేది శాతం దగ్గర, బరువు ప్రకారమా, కొలత ప్రకారమా అని. మిథనాల్ లీటరు 790 గ్రాములే తూగుద్ది. కాబట్టి లీటరుకి లీటరు కలిపితే అది బరువు ప్రకారం 44 పాళ్ళు మిథనాల్, 56 పాళ్ళు నీళ్ళు అవుద్ది. మాన్యువల్‌లో 50-50 బరువు ప్రకారం అని ఉంటే మీరు డబ్బాలతో కొలిచి పోస్తే తప్పు మిక్స్ వస్తది. ఇంకో తమాషా ఏంటంటే 50 లీటర్లకి 50 లీటర్లు కలిపితే 100 లీటర్లు రావు, మూడు నాలుగు లీటర్లు తక్కువ వస్తాయి, ఎవరో కొట్టేశారని కంగారు పడొద్దు.

కలిపాక హైడ్రోమీటర్ వేసి చూడండి, బ్యాటరీ షాపులో యాసిడ్ చూసే లాంటిదే, స్కేల్ మాత్రం వేరే. మంచి నీళ్ళు 1.00 చూపిస్తాయి, కొలత ప్రకారం సగం సగం మిక్స్ 20 డిగ్రీల దగ్గర 0.93 చుట్టుపక్కల చూపించాలి. 0.80 చూపిస్తే అది మిథనాల్ మిక్స్ కాదు, దాదాపు ఉత్త మిథనాల్ అయినా అయ్యుండాలి, కిరోసిన్ అయినా అయ్యుండాలి. ఈ 0.80 సంగతి కింద మళ్ళీ వస్తది.

మిథనాల్ జాగ్రత్తలు సీరియస్‌గా తీసుకోండి. కల్తీ సారా తాగి చూపు పోయింది, మనుషులు పోయారు అని పేపర్లో వచ్చే వార్తల్లో అసలు విలన్ ఇదే. కొద్దిగా లోపలికి పోయినా కళ్ళు పోతాయి, చర్మం గుండా కూడా లోపలికెళ్ళుద్ది, ఆవిరి పీల్చినా డేంజరే. అంటుకుంటే మంట లేత నీలం, పగటి ఎండలో కంటికి కనపడదు. గ్లోవ్స్, గాలి ఆడే చోటు, పక్కన ఆల్కహాల్ మంటలకి పనికొచ్చే ఫోమ్ ఉండాలి. సోవియట్ టియు-22 బాంబర్‌లో చల్లదనం కోసం పోసే ఆల్కహాల్ నీళ్ళని గ్రౌండ్ వాళ్ళు తాగేసేవాళ్ళని, ఆ విమానానికి సూపర్‌సోనిక్ మందు బండి అని పేరు పెట్టారని కథలు చదివి ఉంటారు, అది ఇథనాల్ అండి, అదీ ఇదీ ఒకటి కాదు.

నీళ్ళు ఎలాంటివి పోయాలి

డీమినరలైజ్డ్ వాటర్, అంటే లవణాలన్నీ తీసేసిన నీళ్ళు. మినరల్ వాటర్ క్యాన్ కాదు. ఆర్‌ఓ నీళ్ళు కూడా సరిపోవు. ఎందుకో లెక్క చూస్తే మీకే అర్థమవుద్ది. అమెరికా ఎయిర్‌ఫోర్స్ కేసీ-135ఏ ట్యాంకర్ ఒక్క టేకాఫ్‌కి 670 గ్యాలన్ల నీళ్ళు మోసేది, అంటే సుమారు 2,540 లీటర్లు. మన తాగునీటి స్టాండర్డ్ ప్రకారం టీడీఎస్ 500 దాకా మంచి నీళ్ళే, హైదరాబాద్ బోరు నీళ్ళు చాలా చోట్ల ఇంతకంటే ఎక్కువే చూపిస్తాయి. 500 టీడీఎస్ అంటే లీటరుకి అర గ్రాము లవణం. 2,540 లీటర్లకి కేజీంబావు. నీళ్ళు ఆవిరైపోతాయి, ఆ కేజీంబావు ఉప్పూ సున్నం ఎక్కడికి పోవాలి, కంప్రెసర్ బ్లేడ్ల మీదా టర్బైన్ మీదా కూర్చుంటది. ఒక్క టేకాఫ్‌కే ఇంత. పది టేకాఫ్‌లకి గీజర్ కాయిల్ మీద పేరుకునేది ఎలా ఉంటదో బ్లేడ్ మీద అలా ఉంటది, బ్లేడ్ షేప్ మారిందంటే పవర్ పోయినట్టే.

ఇంక నీళ్ళు నింపేటప్పుడు డబ్బాలో నిజంగా నీళ్ళే ఉన్నాయా అని చూడటం. నవ్వొస్తది, కానీ ఇదే విషయం మీద 22 మంది చనిపోయారు. 1971 సెప్టెంబర్ 6న జర్మనీలో హాంబర్గ్ నుంచి పాన్‌ఇంటర్నేషనల్ వాళ్ళ బీఏసీ వన్-ఇలెవెన్ 121 మందితో లేచింది. దాని రోల్స్‌రాయిస్ స్పే ఇంజన్‌లకి టేకాఫ్‌లో నీళ్ళు కొట్టే సిస్టమ్ ఉంది. నీళ్ళ ట్యాంక్‌లో పోసిన డబ్బాల్లో కొన్నిటిలో కిరోసిన్ ఉంది, ఎవరూ చూడలేదు. చల్లబరచాల్సింది పోయి ఎక్స్‌ట్రా ఇంధనం లోపల పడింది, టేకాఫ్ తర్వాత కొద్దిసేపటికే రెండు ఇంజన్‌లూ వేడెక్కి ఆగిపోయాయి. పైలట్లు హైవే మీద దింపారు, అక్కడిదాకా బాగానే చేశారు, కానీ రోడ్డు మీద బ్రిడ్జి ఉంది, దానికి తగిలింది. ఒక గ్లాసులో కొంచెం తీసి వాసన చూస్తే పట్టేసేవాళ్ళు, గ్లాసులో పైకి తేలేది, హైడ్రోమీటర్ 1.00 బదులు 0.80 వైపు పోయేది. కాబట్టి రూల్ ఏంటంటే నీళ్ళ డబ్బాకి ఇంధనం డబ్బాకి రంగు వేరు, మూత వేరు, పెట్టే చోటు వేరు, అయినా పోసే ముందు ప్రతి డబ్బా నుంచి శాంపిల్ తీయాలి.

పిస్టన్ ఫైటర్‌లో వాడటం

పి-47 తో చెప్తా, ఎక్కువమంది నడిపేది అదే. ఇందులో ఆర్-2800 ఇంజన్, 18 సిలిండర్లు, 46 లీటర్లు. నీళ్ళు లేకుండా 52 ఇంచుల మ్యానిఫోల్డ్ ప్రెషర్ (బూస్ట్‌ని పాదరసం ఇంచుల్లో చూపించే కొలత) దగ్గర 2000 హార్స్‌పవర్, నీళ్ళతో మొదట్లో 56 ఇంచులు 2300, తర్వాత 64 ఇంచులకి పెంచి 2500 పైన తీశారు. తర్వాతి మోడల్స్‌లో ట్యాంక్ 30 గ్యాలన్లు.

ఎంగేజ్ చేసే ముందు ఆర్‌పిఎమ్ ఫుల్ పెట్టండి, మిక్స్ ఆటో రిచ్‌లో ఉంచండి, కౌల్ ఫ్లాప్స్ (ఇంజన్ మీదుగా పోయే గాలిని పెంచే తగ్గించే రెక్కలు) పరిస్థితి చూసుకోండి, సిలిండర్ హెడ్ టెంపరేచర్ ముందే రెడ్ లైన్ దగ్గర ఉంటే ఆగండి. చాలామంది ఇంజన్ ఆల్రెడీ ఉడికిపోయాక నీళ్ళు వేస్తారు, ఫైర్ ఇంజన్‌ని పిలిచినట్టు, దాని పని అది కాదు, సిలిండర్ లోపల గాలిని చల్లబరుస్తది గానీ ఆయిల్ కూలర్‌నీ హెడ్ ఫిన్స్‌నీ కాదు. పైగా ఇప్పుడు ఎక్కువ పవర్ తీస్తున్నారు కాబట్టి బయటికి పోవాల్సిన మొత్తం వేడి కూడా పెరుగుద్ది. తర్వాత థ్రాటిల్ డ్రై లిమిట్ (నీళ్ళు లేకుండా పెట్టగల బూస్ట్) దాకా ముందుకి, వాటర్ ఆన్, వెంటనే కళ్ళు నీళ్ళ ప్రెషర్ మీద, తర్వాత మ్యానిఫోల్డ్ ప్రెషర్ మీద. ప్రెషర్ రాకుండా బూస్ట్ ఒక్కటే పెరుగుతుంటే థ్రాటిల్ వెనక్కి లాగండి, ఆలోచించకండి, లాగండి. సరిగ్గా పనిచేసే సిస్టమ్ అయితే నీళ్ళు లేకపోతే బూస్ట్‌ని తనే కిందకి దించుద్ది, కానీ ఆ రెగ్యులేటర్ మీద ప్రాణం పెట్టుకోవడం అనవసరం.

ఐదు నిమిషాల లిమిట్ అని చార్ట్‌లో ఉంటే ఆ ఐదు నిమిషాలూ ఒకేసారి వాడేయాలని కాదు. నేనైతే రెండు నిమిషాలు వాడి, ఆపి, టెంపరేచర్లు దిగనిచ్చి మళ్ళీ వాడతా. ఆపేటప్పుడు వరస రివర్స్: ముందు థ్రాటిల్ తగ్గించి బూస్ట్ డ్రై లిమిట్‌కి తెచ్చి, తర్వాత వాటర్ ఆఫ్. ఇది తలకిందులు చేస్తే ఒక్క సెకను అయినా నీళ్ళు లేకుండా 64 ఇంచులు నడిచినట్టు, సరిగ్గా అక్కడే పిస్టన్లు పోయేది.

జర్మన్ వైపు, డీబీ-605ఏఎమ్ ఇంజన్ ఉన్న 109 జీ-14 లో ఎమ్‌డబ్ల్యూ-50 తో 1475 నుంచి 1800 హార్స్‌పవర్‌కి వెళ్ళుద్ది. ఒకసారికి 10 నిమిషాలు, మధ్యలో కనీసం 5 నిమిషాలు గ్యాప్. ప్లగ్గులు మామూలు కంటే చాలా ముందే పోయేవి, వార్‌లో అది ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక పెద్ద కన్ఫ్యూజన్ ఉంది, ఎమ్‌డబ్ల్యూ-50 ఎక్కడ వేయాలి, జీఎమ్-1 ఎక్కడ వేయాలి అని. ప్రతి సూపర్‌చార్జ్‌డ్ ఇంజన్‌కి ఒక ఎత్తు ఉంటది, ఫుల్ థ్రాటిల్ హైట్ అంటారు, అది దాటితే థ్రాటిల్ మొత్తం తెరిచినా బూస్ట్ పూర్తిగా రాదు, ఎందుకంటే గాలి అంత లేదు. 109 లో మోడల్‌ని బట్టి 4 నుంచి 6 కిలోమీటర్ల మధ్య. దాని కింద మీ సమస్య నాకింగ్, కాబట్టి నీళ్ళు మిథనాల్ పనిచేస్తాయి. దాని పైన మీ సమస్య ఆక్సిజన్, బూస్ట్ పెంచడానికే గాలి లేనప్పుడు నాకింగ్ గీతని పైకి జరిపి ఏం లాభం. అక్కడ పనిచేసేది జీఎమ్-1, అంటే నైట్రస్ ఆక్సైడ్, ట్యాంక్‌లో చల్లటి ద్రవంగా మోసుకెళ్తారు. దాని బరువులో 36 శాతం ఆక్సిజన్, గాలిలో 23 శాతమే, పైగా ద్రవం ఆవిరవుతూ చల్లబరుస్తది కూడా. కింద ఎత్తుల్లో జీఎమ్-1 వేయడం, 9 కిలోమీటర్ల పైన ఎమ్‌డబ్ల్యూ వేయడం, రెండూ ట్యాంక్ బరువు దండగ.

జర్మన్ ఫైటర్ టీఏ-152హెచ్ లో రెండూ ఉండేవి. దాన్ని డిజైన్ చేసిన కుర్ట్ టాంక్ 1944 చివర్లో తనే ఆ విమానం నడుపుతుంటే అమెరికా మస్టాంగ్ ఫైటర్లు వెనక పడ్డాయని, ఎమ్‌డబ్ల్యూ-50 వేసి వాటిని వదిలించుకుని వెళ్ళిపోయాడని చెప్తారు. అదే టాంక్ గారు 1956లో బెంగళూరు వచ్చి హెచ్‌ఏఎల్‌లో మన మారుత్ జెట్ డిజైన్ చేశారు, 1961 జూన్‌లో మొదటిసారి ఎగిరింది.

ఎయిర్‌లైనర్లు, మన అవ్రో

యుద్ధం అయ్యాక ఈ టెక్నిక్ ప్యాసింజర్ విమానాల్లోకి వచ్చింది, అక్కడ స్పీడ్ కోసం కాదు, టేకాఫ్‌లో బరువు లేపడం కోసం. డీసీ-6 లాంటి వాటిలో ఆర్-2800 సీబీ-16 నీళ్ళతో 2400 హార్స్‌పవర్ ఇచ్చేది, వాళ్ళు నీళ్ళతో వచ్చేదాన్ని వెట్ పవర్, నీళ్ళు లేకుండా వచ్చేదాన్ని డ్రై పవర్ అంటారు. టేకాఫ్ బరువు లెక్కేసేటప్పుడే వెట్టా డ్రైయా తేల్చుకోవాలి, రన్‌వే మీద సగం పరిగెత్తాక కాదు.

మన దేశంలో ఈ మాట బాగా వినిపించింది రోల్స్‌రాయిస్ డార్ట్ టర్బోప్రాప్ వల్ల. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైకౌంట్, ఫోకర్ ఫ్రెండ్‌షిప్, కాన్పూర్‌లో హెచ్‌ఏఎల్ కట్టిన అవ్రో, అన్నిటిదీ అదే ఇంజన్, ఆ చెవులు చిల్లులు పడే ఈలే దాని గుర్తు. ఎయిర్‌ఫోర్స్ అవ్రోల స్థానంలో ఇప్పుడు సీ-295 లు వస్తున్నాయి. టర్బైన్‌లో నాకింగ్ అనేదే లేదు, మరి నీళ్ళెందుకు? ఎండ వల్ల. సముద్ర మట్టంలో 15 డిగ్రీల దగ్గర క్యూబిక్ మీటర్ గాలి 1.225 కేజీలు, రెంటచింతల ఎండ లాంటి 45 డిగ్రీల్లో 1.11 కేజీలు. 9 శాతం గాలి మాయం, పవర్ పడిపోవడం అంతకంటే ఎక్కువ, ఎందుకంటే టర్బైన్ టెంపరేచర్ లిమిట్ ముందే తగులుద్ది. డార్ట్‌లో వాటర్ మెథ్‌ని మొదటి ఇంపెల్లర్ (గాలిని నొక్కే చక్రం) కన్ను దగ్గరే చల్లుతారు, గాలి చల్లబడి చిక్కబడుద్ది, మిథనాల్ లోపలికెళ్ళి మండుద్ది, అంటే ఫ్యూయల్ విడిగా పెంచే పని కూడా తగ్గింది. ఇక్కడ లక్ష్యం రేటింగ్‌కి మించి తీయడం కాదు, ఎండ తినేసిన పవర్‌ని తిరిగి తెచ్చుకోవడం. టేకాఫ్ రోల్ మొదలుపెట్టాక టార్క్ (ప్రొపెల్లర్‌ని తిప్పే బలం) పెరగడం రెండు ఇంజన్‌ల మీదా ఒకేలా కనపడాలి, ఒక పక్క వచ్చి ఇంకో పక్క రాలేదంటే విమానం పక్కకి లాగుద్ది, స్పీడ్ తక్కువగా ఉంటే ఆపేయడమే.

జెట్‌లలో

జెట్‌లో రెండు చోట్ల కొట్టొచ్చు. కంప్రెసర్ మూతి దగ్గర కొడితే గాలి చల్లబడి ఎక్కువ బరువు లోపలికెళ్ళుద్ది. కంప్రెసర్ దాటాక మంట గది ముందు కొడితే టర్బైన్ టెంపరేచర్ తగ్గుద్ది, ఆ తగ్గిన మేర ఫ్యూయల్ కంట్రోల్ ఎక్కువ కిరోసిన్ పోస్తది. చలి రోజున, అంటే సుమారు 5 డిగ్రీల కింద, మూతి దగ్గరది కట్టేయాలి, లేకపోతే ఇన్‌లెట్‌లో ఐస్ కడుద్ది, రెండోది వాడుకోవచ్చు.

అమెరికా బాంబర్ బీ-52జీ లో 8 ఇంజన్‌లు, ఒక్కోదాని తోపు (థ్రస్ట్) డ్రైలో 11,200 పౌండ్లు, వెట్‌లో 13,750. మొత్తం 20,000 పౌండ్ల పైన ఎక్స్‌ట్రా తోపు, అంటే 9 టన్నులు. దీనికి 1,200 గ్యాలన్ల నీళ్ళు, అవి కూడా సుమారు రెండు నిమిషాలకే సరి. పైన చెప్పిన కేసీ-135ఏ రెండున్నర నిమిషాల్లో రెండున్నర టన్నులు తాగేసేది, సెకనుకి 17 లీటర్లు. ఫొటోల్లో ఆ నల్లటి పొగ చూసే ఉంటారు, నీళ్ళ వల్ల మంట చల్లబడి కిరోసిన్ సరిగ్గా కాలక వచ్చేదది. ఈ విమానాల్లో పైలట్ చేయాల్సిన ముఖ్యమైన పని నీళ్ళు ఎప్పుడు అయిపోతాయో ముందే తెలుసుకుని ఉండటం. ఆ క్షణాన తోపు ఒక్కసారి పడిపోద్ది, అప్పటికి గేర్ పైకి వెళ్ళి, స్పీడ్ పెరిగి, ముక్కు కాస్త దించి ఉండాలి. సిమ్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి, బ్రేక్ వదిలినప్పటి నుంచి కాదు, నీళ్ళు ఆన్ చేసినప్పటి నుంచి.

1958లో పాన్‌యామ్ మొదలుపెట్టిన మొదటి బోయింగ్ 707 లు, ఆ తర్వాత మొదటి తరం 747 లు కూడా నీళ్ళు వాడాయి. 747 లో లాభం 43,500 నుంచి 45,000 పౌండ్లకే, అంటే మూడున్నర శాతం. ఇంత తక్కువ దాని కోసం ఎయిర్‌పోర్ట్‌లో నీళ్ళ ప్లాంట్, బండి, మనిషి, ట్యాంక్, పంపు. పెద్ద ఫ్యాన్ ఇంజన్‌లు వచ్చాక ఇది ఎందుకు పోయిందో దీన్నిబట్టే తెలుస్తది.

నిలువుగా దిగగలిగే హ్యారియర్ ఫైటర్ దగ్గర మాత్రం ఇది చివరిదాకా నిలిచింది, ఎందుకంటే అది టేకాఫ్‌లోనే కాదు, దిగేటప్పుడు కూడా ఇంజన్ తోపు మీదే గాలిలో నిలబడాలి. ట్యాంక్‌లో 500 పౌండ్లు, సుమారు 227 లీటర్లు, వాడితే 90 సెకన్లు. దాని అమెరికా మోడల్ ఏవీ-8బీ లో స్విచ్‌కి మూడు పొజిషన్లు, టేకాఫ్, ఆఫ్, ల్యాండింగ్. ప్లానింగ్ ఎలాగంటే హోవర్ చేయగల (గాలిలో కదలకుండా నిలబడగల) బరువు ముందు లెక్కేయండి, ఆ రోజు టెంపరేచర్‌కి నీళ్ళు లేకుండా సరిపోతుంటే నీళ్ళు మోయడం శుద్ధ దండగ, 227 కేజీల బరువు మీరే ఎక్కించుకున్నట్టు. సరిపోకపోతే దిగే ముందు చివరి నిమిషంలో ఆన్ చేయండి. తోపుని కిందకి మళ్ళించే నాజిల్ తిప్పక ముందే దూరం నుంచే ఆన్ చేసుకుని వస్తే 90 సెకన్లు దారిలోనే అయిపోతాయి. మన నేవీ సీ హ్యారియర్లు 1983 నుంచి 2016 దాకా గోవా ఐఎన్‌ఎస్ హంస నుంచీ, విక్రాంత్, విరాట్ డెక్‌ల మీద నుంచీ ఎగిరాయి, ఆ వేడి తేమలో వాళ్ళ ప్లానింగ్ బ్రిటన్ చలిలో చేసినంత సుఖంగా ఉండదు కదా.

ఇంక ఒక వింత: 1961 నవంబర్ 22న ఫాంటమ్ ఫైటర్ గంటకి 2,585 కిలోమీటర్ల వరల్డ్ రికార్డ్ కొట్టింది, స్కైబర్నర్ అని దాని పేరు. ఆ స్పీడ్‌లో ఇన్‌లెట్‌లోకి వచ్చే గాలి కేవలం గుద్దుకోవడం వల్లే విపరీతంగా వేడెక్కుద్ది, దాన్ని చల్లబరచడానికి కంప్రెసర్ ముందు నీళ్ళు ఆల్కహాల్ మిక్స్ చల్లారు.

బయటి నుంచి చల్లబరచడం

ఇది వేరే టాపిక్, త్వరగా చెప్పి వదిలేస్తా. రోల్స్‌రాయిస్ మెర్లిన్ లాంటి లిక్విడ్ కూల్డ్ ఇంజన్‌లో మొదట్లో కూలెంట్‌గా ఉత్త గ్లైకాల్ పోశారు, 197 డిగ్రీల దాకా మరగదు కాబట్టి రేడియేటర్ చిన్నది చాలు. కానీ గ్లైకాల్ మోసే వేడి నీళ్ళు మోసే దాంట్లో సగం పైచిలుకే, పైగా లీకై వేడి పైపు మీద పడితే అంటుకుంటది. తర్వాత 70 పాళ్ళు నీళ్ళు 30 పాళ్ళు గ్లైకాల్‌కి మారి సిస్టమ్‌ని ప్రెషర్‌లో పెట్టారు. మీ మాడ్యూల్‌లో కూలెంట్ లిమిట్ ఎత్తుతో మారుతుంటే కారణం ఇదే, 6 కిలోమీటర్ల దగ్గర ప్రెషర్ లేని నీళ్ళు 80 డిగ్రీలకే మరుగుతాయి. అమెరికాలో రీనో రేసుల మస్టాంగ్‌లు రేడియేటర్ మీద కూడా నీళ్ళు చల్లేవి, స్ప్రే బార్ అంటారు, ఇంజన్ లోపలి నీళ్ళకి ఒక ట్యాంక్, బయటి నీళ్ళకి ఇంకో ట్యాంక్. ఈ రెండిటి స్విచ్‌లు కన్ఫ్యూజ్ అవ్వకండి, స్ప్రే బార్ ఆన్ చేసి బూస్ట్ పెంచితే రేడియేటర్ చల్లగా ఉంటది, పిస్టన్ కరిగిపోద్ది.

తేడా కొడితే ఏం చూడాలి

ప్రెషర్ ఉంది కానీ పవర్ పెరగలేదు అంటే బూస్ట్ రీసెట్ అవ్వలేదు, లేదా డిరిచ్‌మెంట్ వాల్వ్ కదల్లేదు, మిక్స్ ఇంకా రిచ్‌లోనే ఉంది, నీళ్ళు ప్లస్ ఎక్స్‌ట్రా పెట్రోల్ రెండూ కలిసి మంటని ముంచేస్తున్నాయి, ఇంజన్ గరగరమంటది, నల్ల పొగ వస్తది. ప్రెషర్ ఊగుతుంటే ట్యాంక్ అడుక్కి వచ్చినట్టు, లేదా ఫిల్టర్‌లో చెత్త. జెట్‌లో ఒక్క ఇంజన్‌కే రాకపోతే ఆ ఇంజన్ షటాఫ్ వాల్వ్ చూడాలి. ఆఫ్ చేశాక కూడా తోపు సరిగ్గా దిగకుండా టర్బైన్ టెంపరేచర్ వింతగా ఉంటే వాల్వ్ పూర్తిగా మూసుకోలేదు, నీళ్ళు ఇంకా కారుతున్నాయి.

దిగాక మిగిలిన మిక్స్‌ని ట్యాంక్‌లో వదిలేయకండి. డ్రెయిన్ చేయండి, లైన్‌లు గాలితో ఊదండి, పంపులో మిగిలింది కూడా తీయండి, మిథనాల్ వాడితే ఉత్త నీళ్ళతో ఒకసారి కడిగి ఆరబెట్టండి. తీసినదాన్ని లేబుల్ లేని డబ్బాలో పోసి హ్యాంగర్ మూలన పెట్టొద్దు, పోసిన వెంటనే డబ్బా మీద ఏం ఉందో, ఏ తేదీన తీశారో రాయండి.